అట్ట మీద అత్తగారు

"ఒక రోజైతే అలక, రెండు రోజులైతే కోపం. మూడో రోజు కూడా తలుపు తీయలేదంటే ఇక దాన్నేమంటారో నాకు తెలియదు," అన్నారు మామగారు, ఎర్ర పెన్సిలుతో బల్ల మీద టకటకమని కొడుతూ.

కోడలు అత్తగారి గది మూసిన తలుపు వైపు చూసింది. లోపలి నుంచి వయొలిన్ మాట దేవుడెరుగు, కనీసం దగ్గు కూడా వినిపించడం లేదు. పొద్దున గుమ్మం దగ్గర పెట్టిన టీ మీగడ కట్టి అక్కడే ఉంది.

మెట్ల మీద శిష్యులు నలుగురు వయొలిన్ పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద, మందుల షాపాయన. యాభై దాటాక వయొలిన్ పట్టిన మనిషి. రెండేళ్ళ నుంచి మొదటి పాఠం దగ్గరే ఉన్నాడు గానీ, ఒక్క పూట క్లాసు ఎగ్గొట్టిన పాపాన పోలేదు. కోడలు గుమ్మంలోకి రాగానే ఆయనే లేచాడు.

"ఏమ్మా, టీచరుగారికి జ్వరమా? చెప్పండి, మాత్రలు ఏ రంగువి కావాలంటే ఆ రంగువి తెస్తాను."

"జ్వరం కాదండీ."

"మరి?"

మరి అంటే ఏం చెబుతుంది! 'మీ టీచరుగారిది ముసలి మొహమని ఎవరో రాశారండీ, ఆ రాసింది నేనేనని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు' అని చెబుతుందా? "సాయంత్రానికి సర్దుకుంటారు లెండి," అని చెప్పి లోపలికి వచ్చేసింది.

వచ్చేసరికి ఫోను మోగుతోంది. ప్రెస్సు నుంచి ఫోర్‌మన్. ఆయన గొంతు ఎప్పుడూ మిషను మోతలో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, ఇంట్లో పడుకుని మాట్లాడినా సరే.

"అమ్మా, లోపలి పేజీలన్నీ అచ్చయిపోయాయి. అట్ట ఒక్కటే రావాలి. మొన్న రెండు నమూనాలు చూపించారు కదా, ఆ ఇద్దరిలో ఎవరో తేల్చి నాలుగింటికల్లా పంపండి. పంపకపోతే మీ పత్రిక పక్కన పెట్టి క్యాలెండర్లు ఎక్కిస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

"పంపుతామండీ."

"ఎవరిని?"

"పంపుతామండీ," అని ఫోను పెట్టేసింది.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ సంగీత పత్రికకు ఆయనే సంపాదకుడు. పేజీలో అంగుళం ఖాళీ కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు; కాగితం కొన్నది ఖాళీగా ఉంచడానికా అంటారు. కోడలు ఈ ఇంటికి వచ్చి పేజీలు దిద్దే పని తీసుకున్నప్పటి నుంచి ఆ అంగుళాల మీద ఇద్దరికీ రోజూ యుద్ధమే. అయినా ఆయనకు ఆమె అంటే లోపల అభిమానం. ఆ అభిమానంతోనే ఇప్పుడు గొంతు తగ్గించారు.

"చూడమ్మా. నువ్వు పత్రిక మంచి కోరే రాసి ఉంటావు. కాదనను. కానీ ఒక్కసారి ఆ తలుపు దగ్గరికెళ్ళి, అత్తయ్యా పొరపాటైపోయింది అంటే నీ సొమ్మేం పోతుంది?"

నోటి దాకా వచ్చిన మాటను కోడలు మింగేసింది.

ఆ ఇంట్లో మనిషికో పెన్సిలు రంగు. అచ్చుకు వెళ్ళే ముందు డమ్మీ అని ఒక నమూనా ప్రతి భోజనాల బల్ల మీద పెడతారు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు తమకు తోచింది పక్కన రాస్తారు. మామగారిది ఎరుపు, ఆయన కొడుకుది నీలం, కోడలిది ఆకుపచ్చ. ఎవరు రాశారో పేరు పెట్టక్కర్లేదు, రంగు చూస్తే చాలు. ముప్పై ఏళ్ళలో ఎవరూ ఎవరి పెన్సిలూ ముట్టుకోలేదు.

ఈసారిది సంగీతం నేర్పేవాళ్ళ ప్రత్యేక సంచిక. అట్ట మీద అత్తగారిని వేద్దామన్నది కోడలే. సొంత పత్రికలో సొంత భార్యనా, నలుగురూ నవ్వరూ అని ముప్పై ఏళ్ళుగా అడ్డుపడ్డ మామగారిని బతిమాలి ఒప్పించిందీ కోడలే. అత్తగారు ఫొటో దిగింది, పక్కింటావిడకు చూపించింది, ఫోనులో చెల్లెలికి చెప్పింది. తీరా డమ్మీ బల్ల మీదికి వచ్చాక, పాఠం మధ్యలో మంచినీళ్ళకని లేచి వచ్చి దాన్ని చూసింది. తన గడ్డం పక్కన ఆకుపచ్చ పెన్సిలుతో రాసి ఉంది: 'ఈ ముసలి మొహం చూసి ఎవడు కొంటాడు? తీసేయాలి.'

ఆవిడ వయొలిన్ పెట్టెలో పెట్టింది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"పెన్సిలు రంగు చూసి మనిషిని నిర్ణయించేస్తారా మామయ్యా?" అంది కోడలు, ఇక ఉండబట్టలేక.

మామగారు తలెత్తేలోపే, కిటికీ దగ్గర పేపరు చదువుతున్న భర్త గబుక్కున లేచాడు. "నేను షాపులకు ఫోన్లు చేయాలి," అంటూ వెనక గదిలోకి నడిచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వ్యవహారం. ఇంకొకరెవరైనా అయితే అప్పుడే కనిపెట్టేసేవారు. మామగారు కనిపెట్టలేదు. ఆయనకు పేజీలో తప్పులు దొరికినంత తేలిగ్గా మనుషుల్లో దొరకవు.

కోడలు భర్త వెనకే వెళ్ళి తలుపు చేరేసింది.

"ఇంకా ఎన్నాళ్ళు?"

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అడుగుతున్నాను. ఎన్నాళ్ళు?"

"నాలుగు రోజులు ఓపిక పట్టు."

"నాలుగు గంటలకి అట్ట వెళ్ళాలి. నాలుగు రోజులట!"

అతను కుర్చీలో కూలబడ్డాడు. పత్రికను షాపులకు చేర్చే పని అతనిది. నెలకు పదిహేను రోజులు బస్టాపుల చుట్టూ తిరుగుతాడు. మంచివాడే. మంచివాళ్ళకు ఉండే పిరికితనం మాత్రం కాస్త ఎక్కువ పాళ్ళలో ఉంది.

"చూడు. నువ్వు రాశావనుకుంటే అమ్మ నాలుగు రోజులు ముడుచుకుంటుంది. ఐదో రోజు నిన్నే పిలిచి తలకు నూనె రాయించుకుంటుంది. కోడలి మాట గుమ్మం దాటితే పోతుంది. నేను రాశానని తెలిసిందా, పోయేదాకా మర్చిపోదు."

"అంటే బురద నా మీద పడితే కడుక్కోవచ్చు. నీ మీద పడకూడదు."

"అలా కాదు..."

"మరెలా? అసలు నా పెన్సిలెందుకు పట్టుకున్నావు?"

"నా పెన్సిలు మొన విరిగింది. చేతికి అందింది పట్టుకున్నాను. ఆ క్షణంలో రంగు చూస్తానా? ఇంకో ఐదొందల ప్రతులు వెనక్కి వచ్చాయని అప్పుడే ఫోను. ఆ చిరాకులో రాశాను."

"అదే మాట అత్తయ్యతో చెప్పు."

"చెబుతాను."

"ఎప్పుడు?"

జవాబుకు బదులుగా అతను రెండో నమూనా తీసి బల్ల మీద పరిచాడు. డ్రమ్ములు వాయించే కుర్రాడు. జుట్టు గాలిలో, కర్రలు గాలిలో, చెమట చుక్కలు గాలిలో. పసుపు పచ్చటి అక్షరాలు వేలెడంత లావున ఉన్నాయి.

"రాసిన తీరు తప్పే. ఒప్పుకుంటాను. కానీ రాసిన మాట అబద్ధమా? మన చందాదారులు నాన్న వయసువాళ్ళు. ఏటా తగ్గుతున్నారు. తగ్గడమంటే పత్రిక మానేయడం కాదే, మనుషులే పోతున్నారు. ఇరవై ఏళ్ళ పిల్ల బస్సు కోసం నిలబడి అట్ట వైపు చూసేది మూడు క్షణాలు. ఆ మూడు క్షణాల్లో ఆ పిల్లకు అమ్మ ఏం చెబుతుంది?"

ఆమెకు ఒళ్ళు మండింది. మండింది ఎందుకంటే, దానికి తన దగ్గర కూడా జవాబు లేదు. వచ్చి నాలుగేళ్ళయింది. అక్షరాలు సన్నబరిచింది, రంగులు తగ్గించింది, చూడగానే చదవాలనిపించేలా పేజీల్లో గాలి ఆడనిచ్చింది. అయినా కుర్రకారు దగ్గరికి పత్రిక చేరలేదన్నది నిజం.

"సరే. ఎవరు కొంటారో వాళ్ళనే అడుగుదాం పద," అంది, అత్తగారి అట్టకు పెన్సిలు రాత లేని ప్రతి తీసి, రెండు నమూనాలూ చుట్టి చంకలో పెట్టుకుంటూ.

"ఎక్కడికి?"

"నీ మూడు క్షణాల దగ్గరికి."

అతను రాలేదు. ఏదో షాపుకు వెళ్ళాలన్నాడు. ఒక్కతే బయల్దేరింది.

బస్టాపు పక్క పత్రికల షాపులో తాళ్ళకు క్లిప్పులు పెట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వేలాడదీస్తారు. ఒక్కోదానికి ఎడమ అంచు నాలుగు వేళ్ళ మేర కనిపిస్తే అదృష్టం. అందుకే అట్ట మీద చెప్పాల్సిందేదో ఎడమవైపే చెప్పాలని ఆమెకు మొదట నేర్పింది ఈ షాపువాడే. రెండు నమూనాలనూ పాత సంచికలకు అంటించి ఇస్తే, కిసుక్కున నవ్వి పక్కపక్కనే తగిలించాడు.

"మీరు ఆ పక్కన నిలబడండి. అట్ట వేసిన మనిషి ఎదురుగా ఉంటే కొనేవాళ్ళు మొహమాటపడతారు."

స్తంభం పక్కన నిలబడి గంటన్నర చూసింది. డ్రమ్ముల కుర్రాణ్ణి తొమ్మిది మంది చేతిలోకి తీసుకున్నారు. అత్తగారిని ఇద్దరు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఇది పాత సంచికా?" అని అడిగి వదిలేశాడు. ఆమెకు మనసు చివుక్కుమంది. భర్త చెప్పిందే నిజమని ఇంటికెళ్ళి ఒప్పుకోవాలంటే ప్రాణం పోయేలా ఉంది.

రెండో మనిషి, భుజాన గిటారు సంచి తగిలించుకున్న అమ్మాయి. చెవుల్లో వైర్లు తీసింది, అట్టను దగ్గరగా పట్టుకుని చూసింది. జాగ్రత్తగా యథాస్థానంలో తగిలించి, షాపువాడితో అంది:

"పాపం, ఎప్పుడు పోయారు?"

కోడలు స్తంభం పక్క నుంచి ఒక్క అంగలో వచ్చి పడింది. "ఎవరు పోవడం?"

"ఈవిడేనండీ," అందా అమ్మాయి బెదిరిపోయి. "చుట్టూ నల్ల గీత వేశారు కదా. కిందేమో సంవత్సరాలు..."

కోడలు చూసింది. నాలుగేళ్ళ పనితనం, నాలుగు వారాల శ్రమ, మొట్టమొదటిసారి పరాయి కళ్ళతో చూసింది.

హుందాగా ఉండాలని ఫొటో చుట్టూ సన్నటి నల్ల గీత తనే వేసింది. రంగులు తగ్గించి కాస్త వెలిసినట్టు చేసింది తనే. కళ్ళు దించుకుని, పెదాలపై చిరునవ్వుతో ఉన్న ఫొటోను ఏరికోరి తీసుకుందీ తనే. కింద పేరు. పేరు కింద, పాఠాలు మొదలుపెట్టిన సంవత్సరం, చిన్న అడ్డగీత, ఈ సంవత్సరం. ఇంకేం కావాలి! అత్తగారి మీద గౌరవం పొంగిపొర్లి, మనిషి బతికుండగానే సంతాపం ప్రకటించేసింది.

"ఆవిడ నిక్షేపంగా ఉన్నారమ్మా," అంది నీరసంగా. "మా ఇంట్లోనే ఉన్నారు. తలుపేసుకుని, మండిపడుతూ."

ఆ అమ్మాయి నవ్వేసింది. "మండిపడుతూనా? మరి ఆ ఫొటో వేయాల్సింది! మా గిటారు మాస్టారు కూడా అంతే. ఆయన గుర్రుగా చూస్తేనే నా వేళ్ళు సరిగ్గా పడతాయి. ఈ ఫొటోలో ఆవిడ నన్ను చూడటమే లేదు కదండీ."

బస్సు వచ్చింది. అమ్మాయి ఎక్కేసింది. కోడలు నమూనా లాక్కుని ఇంటి వైపు దాదాపు పరుగెత్తింది.

ఇల్లు చేరేసరికి రెండు కావస్తోంది. మామగారు సోఫాలో కునుకుతున్నారు. నేరుగా వెళ్ళి అత్తగారి గది తలుపు కొట్టింది.

"అత్తయ్యా, నేను."

మళ్ళీ కొట్టింది.

"ఆ రాత సంగతి మాట్లాడటానికి రాలేదు. దానికంటే పెద్ద తప్పు చేశాను. అది చెప్పుకోవాలి."

లోపల మంచం కిర్రుమంది.

"మిమ్మల్ని చంపేశానత్తయ్యా."

గడియ తీసిన చప్పుడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. మూడు రోజులుగా దువ్వని జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు.

"ఏమన్నావ్?"

అట్ట చూపించింది. షాపులో జరిగింది జరిగినట్టు, ఒక్క అక్షరం దాచకుండా చెప్పింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, అట్టను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసుకుంది.

"దీన్ని చూసే మురిసిపోయాను కదే. పక్కింటావిడ కూడా, ఎంత ప్రశాంతంగా ఉన్నారండీ, అంది."

"ప్రశాంతంగానే ఉన్నారు. అదే వచ్చిన చిక్కు."

అత్తగారి ముక్కులోంచి నవ్వులాంటిదేదో వచ్చింది. వెంటనే ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగింది.

"ఆ రాత నీది కాదని నాకు తెలుసు."

కోడలికి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"వాడికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. ఏ రంగుతో రాస్తే మాత్రం వాడి రాత నాకు తెలియదా?"

"ఎప్పటి నుంచి తెలుసు?"

"చూసిన నిమిషం నుంచే."

"మరి ఈ మూడు రోజులూ..."

"నువ్వు రాశావనుకుంటే కోపం వస్తోంది. వాడు రాశాడనుకుంటే ఏడుపొస్తోంది. కోపమే నయమనిపించింది."

కోడలికి కన్నీళ్ళు రాలేదు. మంట పుట్టింది. మూడు రోజులుగా మింగిందంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"మీ అబ్బాయీ ఇదే అన్నాడు. నా మీదైతే ఫర్వాలేదట. తల్లీకొడుకులిద్దరికీ ఒకటే ఆలోచన! మిమ్మల్ని అట్ట మీద చూసుకోవాలని మామయ్యతో ఎన్నాళ్ళు పోట్లాడానో మీకు తెలుసు. అయినా నిందకు నేనే చవగ్గా దొరికాను. పరాయిదాన్ని కాబట్టేగా?"

అత్తగారు వెనక్కి తిరిగింది. కాదనలేదు. "తప్పేనమ్మా," అంది. "ఒప్పుకోవడానికి ఇంకో మాట లేదు. తప్పే."

అత్తగారి నోట తప్పు అన్న మాట వినడం ఇదే మొదలు. కోడలు గోడ గడియారం వైపు చూసి, "ఇంక రెండు గంటలే టైముంది. ఇంకో ఫొటో తీస్తాను, రండి," అంది.

"ఈ అవతారంతోనా?"

"ఈ అవతారమే కావాలి. జుట్టు దువ్వుకోకండి."

ఇల్లంతా ఒక్కసారి లేచినట్టయింది. మామగారిని కునుకులోంచి లేపి, తెల్ల దుప్పటి చేతికిచ్చి గోడకు అడ్డంగా పట్టుకోమంది. ముప్పై ఏళ్ళ సంపాదకుడు రెండు చేతులూ పైకెత్తి దుప్పటి పట్టుకుని, "నన్ను చివరికి ఇలా వాడుతున్నారన్నమాట," అని గొణుక్కున్నారు. కిటికీ వెలుతురులో అత్తగారు వయొలిన్ పట్టుకుని నిలబడింది. కానీ కెమెరా చూడగానే పెదాలకు మళ్ళీ అదే చిరునవ్వు వచ్చి కూర్చుంది.

"నవ్వకండత్తయ్యా!"

"నవ్వడం లేదే. మొహం అలా పెట్టుకుంటోంది."

అప్పుడే మధ్యాహ్నం షాపు మూసుకుని మందులాయన మళ్ళీ వచ్చాడు, చంకలో వయొలిన్ పెట్టె, ఎందుకైనా మంచిదని చేతిలో జ్వరం మాత్రలు పట్టుకుని. కోడలు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, కెమెరా పక్కన నిలబెట్టింది.

"మీ మొదటి పాఠం వాయించండి."

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇప్పుడే."

ఆయన వయొలిన్ తీసి, కమాను తీగల మీద పెట్టాడు. మూడో స్వరం దగ్గర, రెండేళ్ళుగా తప్పుతున్న చోటే తప్పాడు. అత్తగారి తల చటుక్కున ఎత్తుకుంది. ఎడమ కనుబొమ పైకి లేచింది. చూపు సూటిగా వచ్చి తగిలింది. అందులో కోపముంది, ఆ కోపం అడుగున, నీకిది వస్తుంది, నాకు తెలుసు అన్న మొండి నమ్మకం కూడా ఉంది.

"మళ్ళీ వాయించు," అంది ఆవిడ.

కోడలు కెమెరా నొక్కింది.

మూడు గంటలకల్లా కంప్యూటరు మీద కొత్త అట్ట తయారైంది. గీత లేదు, అంచు లేదు. మొహం అట్ట నిండా ఉంది. నుదుటి పైన చెదిరిన తెల్లజుట్టు పత్రిక పేరును కొంచెం కప్పేసింది. ఎడమవైపు, తాడుకు వేలాడదీసినా కనిపించేంత మేరలో, రెండే మాటలు: మళ్ళీ వాయించు. మిగిలిందంతా తెల్లటి ఖాళీ.

"పత్రిక పేరు కప్పేస్తారా!" అన్నారు మామగారు. "పైగా ఇంత ఖాళీ! ఇక్కడ నా సంపాదకీయం సగం పడుతుంది."

"ముప్పై ఏళ్ళుగా మీరు నింపారుగా. ఒక్క నెల ఊపిరాడనివ్వండి," అంది అత్తగారు.

ఆయన ఇంకేదో అనబోయి, అట్ట వైపు మరోసారి చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. "బాగుంది," అని మాత్రం అని, మందులాయన్ని సాగనంపడానికి మెట్ల వైపు నడిచారు.

గదిలో ఇద్దరే మిగిలారు. కోడలు పంపడానికి సిద్ధపడుతుంటే అత్తగారు ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

"ఆగు. వాడు రానీ."

"ఎందుకత్తయ్యా?"

"రాసింది నేనే అని వాడి నోటితో చెప్పాలి. చెబితే ఇది పంపు. చెప్పకపోతే ఆ డ్రమ్ములవాణ్ణి పంపెయ్యి. నాకు తెలిసిపోయిందని నువ్వు వాడితో అనకూడదు. కళ్ళతో సైగ కూడా చేయకూడదు. నాకు మాటివ్వు."

"పనిమీద పంతాలేమిటత్తయ్యా! ఈ అట్ట వెళ్ళకపోతే..."

"మాటివ్వు."

ఇవ్వక తప్పలేదు. ఇచ్చిన మరుక్షణం నుంచి ఆమెకు కాలు నిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్తుంది, వీధిలోకి చూస్తుంది, మళ్ళీ కంప్యూటరు దగ్గరికి వస్తుంది. మూడుంపావు. మూడున్నర. రోజూ వేళకు వచ్చే మనిషికి ఇవాళే ఆలస్యం కావాలా అనుకుంది. ఒక్క మాటే కదా, చెబుతాడు, తల్లి మొహం చూస్తే చెప్పకుండా ఉండలేడు అని తనకు తనే నచ్చజెప్పుకుంది.

నాలుగుకు పది నిమిషాలుండగా భర్త వచ్చాడు. గుమ్మంలోంచే కంప్యూటరు వైపు చూసి ఆగిపోయాడు. సంచి భుజం మీంచి జారింది.

"ఇది... అమ్మా?"

"అమ్మే," అంది కోడలు.

"అబ్బ! ఏం చూపే అది! దీన్ని తాడుకు వేలాడదీస్తే బస్సెక్కేవాడు దిగి వస్తాడు. పంపేశావా? ఇంకా చూస్తావేం, పంపు!"

అంతలో అతనికి తల్లి గది తలుపు తెరిచి ఉండటం, ఆవిడ కుర్చీలో కూర్చుని తనవైపే చూస్తూ ఉండటం కనిపించింది. మొహంలో సంతోషం, భయం కలగలిసిపోయాయి. వెళ్ళి ఆవిడ పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. మెట్లెక్కి వచ్చిన మామగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"అమ్మా, తలుపు తీశావా? హమ్మయ్య. ఆ రాత సంగతి నేనే నీతో మాట్లాడాలనుకున్నాను."

కోడలు పంపడానికి మౌస్ మీద చెయ్యి వేసింది. చెప్పు, చెప్పెయ్యి అని మనసు అరుస్తోంది.

"చెప్పు నాన్నా," అంది అత్తగారు. ఆ గొంతులో మూడు రోజుల తర్వాత మొదటిసారి మెత్తదనం వినిపించింది.

అతను తల వంచుకున్నాడు. తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"తను... కావాలని రాయలేదమ్మా. పని చిరాకులో రాసేసింది. తన తరఫున నేను చెబుతున్నాను, మనసులో పెట్టుకోకు."

కోడలికి కోపం కూడా రాలేదు, సిగ్గేసింది. అతని కోసం సిగ్గేసింది.

అత్తగారు కొడుకు చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా తీసుకుంది.

"ఆ డ్రమ్ములవాణ్ణే పంపెయ్యమ్మా," అంది కోడలితో.

"అదేమిటమ్మా! ఇంత బాగా వస్తే..." అన్నాడు కొడుకు.

"నా మొహం ఊరంతా చూసి ఏం లాభం? ఇంట్లోవాడు నా మొహం చూసి ఒక్క మాట చెప్పలేకపోయాడు."

మామగారు ఒకరి తర్వాత ఒకరి వైపు చూశారు. ఆయనకు ఇప్పుడిప్పుడే ఏదో అర్థమవుతున్నట్టుంది. "ఏం మాట? ఎవరు చెప్పాలి?" అన్నారు.

ఫోను మోగింది.

కోడలు తీసింది. ఫోర్‌మన్. ఆమె మాటిచ్చింది, చెప్పనని. చెప్పలేదు. ఫోను తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టి, వెనక్కి వచ్చి నిలబడింది.

"హలో," అన్నాడతను.

ఫోర్‌మన్ గొంతు సంగతి తెలిసిందే. గదిలో అందరికీ వినిపించింది.

"సారూ, మిషను ఆపి కూర్చున్నాం. ఏదో ఒకటి తేల్చండి. డ్రమ్ముల కుర్రాడా, ఆ ముసలి మొహమా?"

భర్త దిగ్గున లేచాడు. మొహం ఎర్రబడింది. "మాట తిన్నగా రానివ్వండి! ఆవిడ ఎవరనుకున్నారు? మా అమ్మ!"

"ఎందుకురా ఆయన్ని అంటావు?" అంది అత్తగారు. "ఆ మాట ముందు అన్నది ఆయనా?"

భర్త తల్లి వైపు చూశాడు. ఆ తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, నేను చెప్పలేదని. తన రాతను అమ్మ ముందే గుర్తుపట్టిందని అర్థమై, అతని చేతిలో ఫోను కిందికి దిగింది. అందులోంచి ఫోర్‌మన్ హలో, హలో అంటూనే ఉన్నాడు.